సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారులో టర్బో అరిగిందో లేదో కొనేముందు ఎలా తేల్చుకోవాలి?

ఖమ్మంలో 2014 నాటి డిజైర్ డీజిల్ కారును, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగినదాన్ని కొనదలచారనీ, మీ వెంట వచ్చిన మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు (పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) వెళ్లే హోస్‌ను ఊడదీసి, లోపల ఆయిల్ జిడ్డు చూసి, ఇంపెల్లర్‌ను (గాలిని లాగే రెక్కల చక్రాన్ని) వేలితో కదిపి ‘షాఫ్ట్‌లో ప్లే ఉంది, టర్బో అయిపోయింది’ అన్నారనీ, అమ్మే ఆయన మాత్రం ‘ఏ టర్బోకైనా ఆ మాత్రం ప్లే ఉంటుంది’ అని వాదించారనీ రాశారు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలన్నది మీ ప్రశ్న. మీరు చెప్పిన వివరాలను బట్టి ఇద్దరి మాటనూ ఇప్పుడే ఒప్పుకోలేము. ప్లే, అంటే షాఫ్ట్ అనే ఇరుసులో వదులు, ఉందన్నంత మాత్రాన టర్బో పోయినట్టు కాదు, ఆయిల్ జిడ్డు కనిపించినంత మాత్రాన అది టర్బో నుంచే వచ్చిందని కాదు. ఆ ప్లే ఏ దిశలో ఉంది, రెక్కలు గోడకు తగులుతున్నాయా, ఆయిల్ ఏ వైపు నుంచి వస్తోంది అన్న మూడు విషయాలు తేలితేనే తీర్పు చెప్పగలం. వీటిలో చాలావరకు టర్బోను బండి నుంచి దించకుండానే, ఒక పూట సమయంలో చూసుకోవచ్చు.

ముందుగా ప్లే సంగతి. ఈ కారులోని 1248 సీసీ ఇంజన్ ఫియట్ రూపొందించినది. 75 పీఎస్ శక్తిని, 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. దానికి పెట్టిన టర్బో చాలా చిన్నది. ఇంత చిన్న టర్బోలలో షాఫ్ట్ పూర్తి వేగం మీద నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. మామూలు కార్ల టర్బోలలో ఆ షాఫ్ట్‌ను మోసేవి బాల్ బేరింగులు కావు, వదులుగా తేలే బుష్‌లు (గొట్టం ఆకారపు లోహపు ముక్కలు). బుష్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఒక ఆయిల్ పొర, బుష్‌కూ దాని బయటి హౌసింగ్‌కూ మధ్య ఇంకొక ఆయిల్ పొర ఉంటాయి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆయిల్ ప్రెషర్‌తో ఈ రెండు పొరలూ షాఫ్ట్‌ను నడిమధ్యన నిలబెడతాయి. ఇంజన్ ఆగగానే ప్రెషర్ పడిపోతుంది కాబట్టి, పొరల కోసం వదిలిన ఖాళీ మన వేలికి కదలికగా తెలుస్తుంది. కొత్త టర్బోను పెట్టెలోంచి తీసి కదిపినా అది పక్కలకు కొద్దిగా కదులుతుంది. అమ్మే ఆయన మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

ముందుకూ వెనక్కూ ఉండే కదలిక సంగతి వేరు. షాఫ్ట్ పొడవునా వచ్చే ఒత్తిడిని ఆపడానికి లోపల ఒక థ్రస్ట్ బేరింగు ఉంటుంది. అక్కడ వదిలే ఖాళీ చాలా తక్కువ. చిన్న కార్ల టర్బోలలో సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు లోపే ఉంటుంది. ఇంపెల్లర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మీ వైపు లాగి, మళ్లీ లోపలికి తోసినప్పుడు ‘టక్’ మని స్పష్టంగా కదిలితే థ్రస్ట్ బేరింగు అరిగినట్టే. ఆ టర్బోను మంచిదని నేను అనను. అలా కాక, ఏమీ తెలియకపోవడమో, కదిలిందా లేదా అన్న అనుమానం మాత్రమే మిగలడమో అయితే ఆ దిశలో భయపడనక్కరలేదు. అనుమానం పూర్తిగా తీరాలంటే సన్నని కదలికలను కొలిచే, అయస్కాంతం స్టాండు ఉన్న డయల్ గేజ్‌ను తెప్పించి, దాని మొనను షాఫ్ట్ చివర ఆనించి కొలవాలి. లేత్ పని చేసే షాపుల్లో ఈ గేజ్ దొరుకుతుంది. ఖచ్చితమైన హద్దు ఒక్కో టర్బో మోడల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, హౌసింగ్ మీది రేకు ప్లేటుపై ఉన్న నంబరును ఫొటో తీసుకుని, ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన కొలతతో పోల్చాలి.

పక్కల కదలికను చూడడానికి కొలత కన్నా రెక్కలు గోడకు తగులుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, తాళం చెవిని మీ జేబులో పెట్టుకుని, హోస్ తీసి, మంచి టార్చి వెలుగులో పని మొదలుపెట్టండి. హోస్ ఊడి ఉన్నప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయనే కూడదు. తిరిగే ఇంపెల్లర్ వేలిని తెంపేస్తుంది, దగ్గరలో ఉన్న గుడ్డను లోపలికి లాక్కుంటుంది. ఇంపెల్లర్‌ను వేలితో తిప్పితే అడ్డు లేకుండా, చప్పుడు లేకుండా తిరగాలి. తరువాత షాఫ్ట్‌ను ఒక పక్కకు నొక్కి పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి, మళ్లీ ఎదుటి పక్కకు నొక్కి మరొక చుట్టు తిప్పండి. ఏ పక్కకు నొక్కినా రెక్కల అంచు హౌసింగ్ గోడను గీసుకోకూడదు. వెంటనే ఆ గోడను కూడా చూడండి. రెక్కలు నడకలో ఎప్పుడైనా తగిలి ఉంటే గోడ మీద ఒక వైపున నెలవంక ఆకారంలో మెరిసే గీత పడి ఉంటుంది, అదే చోటుకు ఎదురైన రెక్కల అంచులు పలచబడి వెండిలా మెరుస్తుంటాయి. ఈ గుర్తు కనిపిస్తే వేలికి ప్లే ఎంత తక్కువ తెలిసినా సరే, ఆ టర్బో బేరింగు పని అయిపోయిందని తీర్మానించవచ్చు. గోడ అంతా ఒకే రంగులో, గీత లేకుండా ఉంటే, వేలికి కొంచెం ఎక్కువ కదిలినట్టు అనిపించినా కంగారు పడవద్దు. షాఫ్ట్ చివరి నట్ మీద గానీ, ఇంపెల్లర్ చక్రం ముక్కు దగ్గర గానీ చిన్నగా కోసినట్టో, ఆకురాయితో రాసినట్టో ఉండే గుర్తులు మాత్రం దెబ్బలు కావు. బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు తయారీలోనే అలా కోస్తారు. ఆ నట్‌ను బిగించబోవడం, విప్పబోవడం రెండూ చేయకూడదు. కదిపితే ఆ బ్యాలెన్స్ పోతుంది.

అదే టార్చి వెలుగులో రెక్కల ముందు అంచులను ఒక్కొక్కటిగా చూడండి. చిన్న స్క్రూ, ఫిల్టర్ ముక్క, క్లిప్పు వంటివి లోపలికి పోయి ఉంటే రెక్క అంచున గంటు పడి ఉంటుంది, లేదా అంచు వంగి ఉంటుంది. అటువంటి చక్రం ఇవాళ బాగానే తిరుగుతున్నా, బ్యాలెన్స్ చెడిన చక్రం ఆ వేగంలో బేరింగును కొద్దికాలంలోనే తినేస్తుంది. దుమ్ము వల్ల వచ్చే అరుగుదల ఇంకో రకంగా ఉంటుంది: గంట్లు ఉండవు, అన్ని రెక్కల అంచులూ సమానంగా గుండ్రబడి, ఇసుకతో రుద్దినట్టు ఉంటాయి. దీనికి తోడుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ఎయిర్ ఫిల్టర్ దాటిన తరువాతి హోస్‌లో, అంటే శుభ్రమైన గాలి వెళ్లవలసిన వైపున, తెల్లటి గుడ్డను వేలికి చుట్టి తుడవండి. గుడ్డకు నల్లటి పలచని జిడ్డు అంటితే అది మామూలే. ఎర్రమట్టి అంటితే మాత్రం ఫిల్టర్ సరిగా కూర్చోకనో, నాసిరకం ఫిల్టర్ వేసినందువల్లనో దుమ్ము ఎంతోకాలంగా లోపలికి పోతోందని అర్థం. ఆ దుమ్ము టర్బో దగ్గరే ఆగదు, సిలిండర్లలోకీ పోతుంది. మన పల్లెదారుల్లోనూ, క్వారీల పరిసరాల్లోనూ తిరిగిన బండ్లలో ఈ ఒక్క గుడ్డ చెప్పే సంగతి మీటరు మీది కిలోమీటర్ల కన్నా నమ్మదగినది.

ఇప్పుడు ఆయిల్ విషయానికి వద్దాం. ఎక్కువమంది మోసపోయేదీ, అనవసరంగా టర్బో మార్పించుకునేదీ ఇక్కడే. ఇంజన్ లోపలి ఆవిరిని బయటకు తెచ్చే బ్రీదర్ పైపు, ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య ఉన్న హోస్‌లోనే కలుస్తుంది. ఆ ఆవిరితో పాటు వచ్చే సన్నని ఆయిల్ తుంపర హోస్ గోడకు, ఇంపెల్లర్‌కు, అక్కడి నుంచి ఇంటర్‌కూలర్ (టర్బో కొట్టిన గాలిని చల్లబరిచే భాగం) పైపులకు అంటుకుంటుంది. లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ ఇంజన్‌లో ఈ జిడ్డు లేకపోతేనే ఎవరో కడిగారని నేను అనుమానిస్తాను. కాబట్టి జిడ్డు ఎక్కడ మొదలవుతోందో చూడాలి. బ్రీదర్ కలిసే చోటు నుంచే హోస్ తడిగా ఉంటే ఆ ఆయిల్ ఇంజన్ నుంచి వస్తోంది. బ్రీదర్ చోటు పొడిగా ఉండి, ఇంపెల్లర్ వెనుక నుంచి, టర్బో దాటిన పైపులో మాత్రమే ఆయిల్ ఉంటే టర్బోను అనుమానించాలి. మొత్తం తుడిచేసి, ఇరవై ముప్పై కిలోమీటర్లు టెస్ట్ డ్రైవ్ చేసి వచ్చి, చల్లారాక మళ్లీ తీసి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇంటర్‌కూలర్ కింది పైపును విప్పినప్పుడు జిడ్డు కాక, ఆయిల్ ధారగా కారితే అది ఎక్కడి నుంచి వచ్చినా సరే తేలికగా తీసుకోవలసినది కాదు.

టర్బో నుంచే ఆయిల్ వస్తోందని తేలినా, తప్పు టర్బోదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. టర్బో లోపల ఉండేవి మనకు తెలిసిన రబ్బరు ఆయిల్ సీళ్లు కావు. పిస్టన్ రింగుల వంటి సన్నని ఇనుప రింగులు ఉంటాయి. అవి ఆయిల్‌ను పూర్తిగా మూసి ఆపవు. ఇంపెల్లర్ వైపు గాలి ప్రెషర్, టర్బైన్ (పొగ బలంతో తిరిగే చక్రం) వైపు పొగ ప్రెషర్ బయటి నుంచి ఒత్తుతుండగా, లోపలి ఆయిల్ రిటర్న్ పైపు ద్వారా తన బరువుతో తానే కిందికి దిగిపోతుంది. ఆ రిటర్న్ పైపు మడ్డితో పూడినా, ఇంజన్ పిస్టన్ రింగులు అరిగి బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్ల నుంచి ఇంజన్ అడుగుకు కారే గాలి ప్రెషర్) పెరిగినా ఆయిల్‌కు దిగే దారి లేక రెండు పక్కలకూ పొంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయినప్పుడు కూడా ఇంపెల్లర్ వైపు గాలి కొరత ఏర్పడి ఆయిల్‌ను బయటకు లాగుతుంది. అందువల్ల ఇంజన్ వేడెక్కి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తెరిచి చూడండి. పలచగా ఆవిరి రావడం సహజం. దమ్ము కొడుతున్నట్టు ఆగి ఆగి పొగ తన్నుకొస్తుంటే, మూతను తిరగేసి ఆ రంధ్రం మీదే ఉంచినప్పుడు అది ఎగిరెగిరి పడుతుంటే, జబ్బు ఇంజన్‌లో ఉంది. కొత్త టర్బో వేసినా అది కూడా ఆయిల్ కొడుతుంది. ఆ బండిని టర్బో ఖర్చు తగ్గించి బేరమాడడం కాదు, వదిలేయడమే మంచిది. మూత తెరిచినప్పుడే లోపల కనిపించే భాగాల మీద గడ్డకట్టిన నల్లటి మడ్డి ఉందేమో గమనించండి. ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదని తేలిపోతుంది. ఇలాంటి టర్బోలు బేరింగు అరిగి పోవడానికి ప్రధాన కారణం మురికి ఆయిల్ గానీ, ఆయిల్ సరిగా అందకపోవడం గానీ. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేనె రంగులో మెరిసిపోతుంటే సంతోషించవద్దు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది కాబట్టి, అమ్మకానికి పెట్టేముందే మార్చారని అర్థం. సర్వీసు బిల్లులు అడగండి.

టర్బైన్ వైపు, అంటే పొగ వెళ్లే వైపు, హోస్ తీసినంత తేలికగా చూడలేము. ఫోన్‌కు తగిలించుకునే బోర్‌స్కోప్ కెమెరా ఉన్న మెకానిక్ దొరికితే, ఏదైనా సెన్సర్ రంధ్రం గుండానో, పైపు జాయింటు విప్పో టర్బైన్ రెక్కలను చూడగలుగుతారు. అక్కడ పొడి మసి ఉండాలి. తడిగా, తారులా మెరిసే ఆయిల్ ఉంటే అది చాలా స్పష్టమైన సాక్ష్యం. కెమెరా లేకపోతే పొగను చూసి తెలుసుకోవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి, ఆ తరువాత ఒక్కసారిగా రేస్ చేయండి. ఐడిల్‌లో పొగ ప్రెషర్ తక్కువగా ఉండడం వల్ల అరిగిన రింగుల గుండా ఆయిల్ సైలెన్సర్ వైపు చేరుతుంది, రేస్ చేయగానే అది కాలి గుప్పున నీలిపొగ వస్తుంది. నల్లపొగకు, నీలిపొగకు తేడా గుర్తించడానికి పట్టపగలు, బండి వెనుక తెల్లగోడ ఉన్న చోట నిలబెట్టి చూడడం మంచిది.

నల్లపొగ వచ్చి, పికప్ లేని బండిలో మెకానిక్కులు ముందుగా టర్బోనే తప్పుపడతారు. నిజానికి చాలాసార్లు దోషం ఇంటర్‌కూలర్ హోస్‌లో ఉంటుంది. హోస్ మడత దగ్గర పగులు వచ్చినా, క్లాంప్ వదులైనా, కొట్టిన గాలి బయటకు పోతుంది, డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది, అందువల్ల నల్లపొగ. పగులు ఉన్న చోట దుమ్ముతో కలిసిన జిడ్డు మచ్చ కడుతుంది. చేత్తో హోస్‌ను వంచితే నోరు తెరుచుకుంటుంది. తరువాత వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) యాక్చుయేటర్ కడ్డీని చూడాలి. అది తుప్పు పట్టి బిగుసుకుపోయినా, దాని చిన్న రబ్బరు పైపు చిరిగినా బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ప్రెషర్) సరిగా ఉండదు. చేతి పంపుతో కొద్ది ప్రెషర్ ఇస్తే కడ్డీ మెత్తగా కదిలి, ప్రెషర్ తీయగానే వెనక్కి రావాలి. ఎర్టిగా, సియాజ్ వంటి 90 పీఎస్ డీజిల్ కార్లలో రెక్కల కోణం మారే రకం టర్బో ఉంటుంది కాబట్టి, అక్కడ మసి పట్టి ఆ రెక్కలు బిగుసుకోవడం అదనపు సమస్య. మీ డిజైర్‌లో అది లేదు.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను, రీడింగులను చదివే పరికరం) ఉన్న మెకానిక్‌ను తప్పక తీసుకెళ్లండి. పీ0299 కోడ్ ఉంటే బూస్ట్ తక్కువగా వస్తోందని, పీ0234 ఉంటే మితిమీరుతోందని అర్థం; అయితే కోడ్‌ను చెరిపేసి అమ్మకానికి పెట్టడం ఎవరికైనా చేతనవును కాబట్టి, కోడ్ లేకపోవడాన్ని ఋజువుగా తీసుకోకూడదు. లైవ్ డేటాలో మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్‌ను కొలిచేది) రీడింగ్ చూడాలి. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది బయటి గాలి ప్రెషర్‌నే చూపాలి: విజయవాడ, ఖమ్మం వంటి చోట్ల 100 కిలోపాస్కల్స్‌కు అటూ ఇటూగా, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95 ప్రాంతంలో. అలా చూపకపోతే ముందు ఆ సెన్సర్‌నే అనుమానించాలి. తరువాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3500 దాకా తీసుకెళ్తూ, ఇంజన్ కోరుతున్న బూస్ట్, నిజంగా వస్తున్న బూస్ట్ రెండింటినీ పక్క సీటులో కూర్చున్నవారు గమనించాలి. స్కానర్ చూసేవారు, బండి నడిపేవారు వేరువేరుగా ఉండాలి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా నడిస్తే గాలి వైపు ఆరోగ్యంగా ఉన్నట్టే. నిలబెట్టిన బండిని ఎంత రేస్ చేసి చూపినా లోడ్ లేనిదే పూర్తి బూస్ట్ ఏర్పడదు కాబట్టి, ఆ ప్రదర్శనతో తృప్తి పడవద్దు. ఈ ఇంజన్‌లో 1800 లోపు లాగుడు మందకొడిగా ఉండడం దాని సహజ లక్షణం; కొత్త బండిలోనూ అంతే. 2000 దాటాక కూడా వీపును సీటుకు నొక్కే ఊపు రాకపోతేనే లోపం.

డ్రైవ్ చేస్తున్నప్పుడు అద్దాలు దించి శబ్దం వినండి. సన్నని ఈల మామూలే. లోడ్ పెరిగేకొద్దీ అంబులెన్స్ సైరన్‌లా పైకి లేచే శబ్దం ఉంటే చక్రం బ్యాలెన్స్ చెడిందని, బేరింగు అరుగుతోందని అనుకోవాలి. ‘స్‌స్‌’ మని గాలి కారే శబ్దం హోస్‌ది. లోహం గీసుకుంటున్న శబ్దం వస్తే అక్కడే ఆపేయండి. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిండిన డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసేసినా ఆగకుండా తనంతట తాను రేస్ అయిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే అయిదో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలేయాలి. ఇంజన్ ఆ లోడ్ మోయలేక ఆగుతుంది. బానెట్ తెరిచి చేతులు పెట్టకూడదు.

ఈ పరీక్షలన్నీ అయ్యాక మీ బండి విషయంలో నేనైతే ఇలా నిర్ణయిస్తాను. ముందు వెనుకల కదలిక లేకుండా, గోడ మీద గీత లేకుండా, రెక్కల అంచులు పదునుగా ఉండి, జిడ్డు బ్రీదర్ నుంచే వస్తూ, బూస్ట్ అంకెలు కలిస్తే, మీ మెకానిక్ ఎంత చెప్పినా ఆ టర్బోను ముట్టుకోను. టర్బో నిజంగా అరిగి, ఇంజన్ మాత్రం బాగుంటే, కొత్త టర్బో ధరతో పాటు టర్బోకు ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపు, గ్యాస్కెట్లు, ఇంటర్‌కూలర్ శుభ్రం చేయడం, ఆయిల్, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపిన కొటేషన్ కాగితం మీద రాయించుకుని, ఆ మొత్తాన్ని బండి ధరలోంచి తగ్గించమని అడుగుతాను. ‘కోర్ మార్చేస్తే సగం ఖర్చులో అయిపోతుంది’ అని విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ చెప్పేవారు ఉంటారు. కోర్, అంటే షాఫ్ట్, బేరింగులు, చక్రాలు ఉన్న మధ్య భాగం, మార్చడం చెడ్డ పని కాదు, కానీ ఆ కోర్‌ను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పరీక్షించిన రిపోర్టు, రాతపూర్వకమైన వారంటీ ఇచ్చేవారి దగ్గరే చేయించాలి. వేలితో తిప్పి చూపి ‘బాగుంది’ అనేవారి దగ్గర వద్దు. ఎవరి దగ్గర చేయించినా పాత ఫీడ్ పైపును తిరిగి వాడనివ్వవద్దు. వేడికి లోపల మాడి గట్టిపడిన ఆయిల్ పొర ఆ పైపును సన్నబరుస్తుంది, కొత్త బేరింగును కూడా అదే చంపుతుంది. రిటర్న్ పైపు తెరిచి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. బిగించాక టర్బో ఆయిల్ రంధ్రంలో కొద్దిగా కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ అంటుకోకుండా కొంతసేపు సెల్ఫ్ కొట్టించి, ఆయిల్ అంది ఉంటుందన్న నమ్మకం కుదిరాకే స్టార్ట్ చేయించండి. ఆ తరువాత కొన్ని నిమిషాలు రేస్ చేయకుండా ఐడిల్‌లోనే ఉంచాలి.

మీ మెకానిక్‌ను మళ్లీ పిలిచినప్పుడు ‘ప్లే ఉందా’ అని అడగవద్దు. షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూపమనండి, టార్చి వేసి హౌసింగ్ గోడను మీకు చూపమనండి, బ్రీదర్ కలిసే చోటు తడిగా ఉందో పొడిగా ఉందో చూపమనండి. ఈ మూడింటి ఫొటోలూ, టర్బో ప్లేటు మీది నంబరూ పంపితే, నాకు తెలిసినంతవరకు వాటిని చూసి చెబుతాను.